అడిగినవారికే వెసులుబాటు అంటే, అడగలేనివారి మాటేమిటి? (ఆన్‌లైన్ డిగ్రీ కోర్సు రూపకల్పన గురించి)

సంఖ్యాశాస్త్ర బోధకురాలు (ప్రశ్న)

నమస్కారం. నేను డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు పరిచయ స్థాయి సంఖ్యాశాస్త్రాన్ని పూర్తిగా ఆన్‌లైన్‌లో బోధిస్తాను. కోర్సు 12 వారాలు. ఒక్కో విడతలో 140 మంది దాకా చేరతారు. వారానికి రెండు లైవ్ క్లాసులు, ప్రతి ఆదివారం అర్ధరాత్రికి అసైన్‌మెంట్ గడువు, రెండు వారాలకు ఒకసారి 20 నిమిషాల క్విజ్, లైవ్ క్లాసులో కెమెరా ఆన్ చేసుకుని కూర్చున్నవారికి హాజరు కింద 10 మార్కులు. నేను చేరేనాటికే ఉన్న ఏర్పాటు ఇది. దీన్ని ఎందుకూ అని అడగకుండానే నేనూ కొనసాగించాను.

రెండు విడతల క్రితం, కోర్సు ముగిశాక, ఒక విద్యార్థి నుంచి ఉత్తరం వచ్చింది. విద్యార్థులు కోర్సు పేజీని ఎంత వాడుతున్నారో చూపే డ్యాష్‌బోర్డులో ఆ పేరు పక్కన నాలుగు వారాల పాటు ఎర్ర గుర్తే ఉండేది. "మీరు కోర్సులో పాల్గొనడం లేదు" అన్న హెచ్చరిక మెయిల్ సిస్టమ్ నుంచి రెండుసార్లు దానంతటదే వెళ్లింది. రాత్రి షిఫ్టు ఉద్యోగమనీ, ఇంట్లో నెట్ లేదనీ, పనిచేసే చోట పాఠాలన్నీ ఫోన్‌లోకి దించుకుని తెల్లవారుజామున బస్సులో చదువుకునేవాడిననీ ఆ ఉత్తరంలో ఉంది. "నేను రోజూ చదువుతూనే ఉన్నాను మేడమ్, మీ పేజీకి మాత్రం కనిపించలేదు" అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చివరి పరీక్షలో అతనికి మంచి మార్కులే వచ్చాయి. హాజరులోనూ, ఆలస్యపు కోతల్లోనూ పోయిన మార్కుల వల్ల గ్రేడు పడిపోయింది.

తర్వాతి విడతలో, కారణం చెప్పి అడిగినవారందరికీ గడువు పొడిగిస్తానని మొదటి రోజే ప్రకటించాను. చివర్లో లెక్క చూసుకుంటే అడిగినవారు 11 మంది. వారిలో ఎనిమిది మంది లైవ్ క్లాసులో చొరవగా మాట్లాడేవారే, ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా పెద్దగా నష్టపోనివారే. వరుసగా మూడు అసైన్‌మెంట్లు ఇవ్వకుండా ఆగిపోయినవారిలో ఒక్కరు కూడా అడగలేదు.

అందుకే ఇప్పుడు నా సందేహం ఇది. ఎవరూ వచ్చి తమ ఇబ్బందిని వివరించుకోవలసిన అవసరం లేకుండా, వెసులుబాటును కోర్సు నిర్మాణంలోనే కలిపేయడం ఎలా? విషయ ప్రమాణం తగ్గకూడదు. నాకు సహాయకులు ఎవరూ లేరు. ముఖ్యంగా గడువులు, క్విజ్ సమయం, కెమెరా అనే మూడింటి గురించి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


పాఠ్య రూపకర్త

మీరు ఇచ్చిన 11 అన్న లెక్కలోనే సమస్య మూలం ఉంది. అడిగితే మినహాయిస్తామనే పద్ధతి చూడటానికి ఉదారంగానే ఉంటుంది. కానీ దాన్ని వాడుకోవాలంటే తన కష్టాన్ని మాటల్లో పెట్టగల నేర్పు ఉండాలి, అడిగితే చిన్నబుచ్చరన్న నమ్మకం ఉండాలి, అన్నిటికీ మించి అలా అడగడం మామూలే అన్న సంగతి ముందుగా తెలిసి ఉండాలి. ఇంట్లో తనకంటే ముందు కాలేజీకి వెళ్లినవారు ఎవరూ లేని విద్యార్థికి ఆ సంగతి తెలిసే దారే ఉండదు.

భవన నిర్మాణంలో యూనివర్సల్ డిజైన్ అన్న మాటను వాడుకలోకి తెచ్చిన రోనల్డ్ మేస్ స్వయంగా వీల్‌చెయిర్ వాడిన ఆర్కిటెక్టు. కట్టేశాక ఒకరి కోసం ర్యాంపు అతికించే బదులు, ఎందరికో సరిపోయేలా మొదటే కట్టాలన్న ఆ ఆలోచనను, అమెరికాలో 1984లో మొదలైన కాస్ట్ (CAST) అనే సంస్థ చదువుల్లోకి తెచ్చింది. 2008లో మార్గదర్శకాలను ప్రచురించింది. వాటి మూడవ రూపం 2024లో వచ్చింది. అయితే వీటిని చదివినవారిలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ప్రతి పాఠాన్నీ వీడియోగా, ఆడియోగా, స్లైడ్లుగా, ఆటగా అన్ని రూపాల్లోనూ తయారుచేయడానికి పూనుకుని నాలుగో వారానికి అలసిపోతారు. ఒంటరిగా పనిచేసే మీరు ఆ దారిన పోవద్దు. మీ కోర్సులోని ఒక్కో పనిని ముందు పెట్టుకుని, ఇది నిజానికి దేన్ని కొలుస్తోంది అని మాత్రం అడగండి.

క్విజ్‌నే తీసుకుందాం. ఆదాయాల లెక్కల్లో సగటు చెప్పాలా, మధ్యగతం (వరుసలో పేర్చినప్పుడు నడిమిన వచ్చే విలువ) చెప్పాలా అన్నది విద్యార్థి నిర్ణయించగలగాలి. ఆ నిర్ణయానికి 20 నిమిషాలతో ఏమిటి సంబంధం? అత్యవసర వైద్యం నేర్పే కోర్సులో వేగం కూడా నేర్పవలసిన విషయమే, మీ దగ్గర కాదు. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, వైకల్యం ఉన్నవారి కోసం రూపొందించిన అందుబాటు ప్రమాణాలు కూడా, 2008 నాటి రెండవ రూపం నుంచి 2023 నాటి 2.2 వరకు, పేజీ విధించే కాలపరిమితిని వాడేవారు ఆపుకోగలగాలనో, మార్చుకోగలగాలనో, పొడిగించుకోగలగాలనో అంటాయి. ఆ పరిమితి పనికి నిజంగా ప్రాణమైతే మినహాయింపు ఉంటుంది. క్విజ్‌ను 48 గంటలు తెరిచి ఉంచండి. మొదలుపెట్టాక గంటసేపు ఇవ్వండి. ప్రశ్నలను మాత్రం 20 నిమిషాల పనికి మించి పెంచకండి. సమయం పెరిగింది కదా అని రెండు ప్రశ్నలు చేర్చాలన్న కోరిక తప్పకుండా పుడుతుంది, అక్కడే చేసిన మేలంతా పోతుంది.

గడువు ఆదివారం అర్ధరాత్రి ఎందుకు ఉండాలో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఫైల్ ఎక్కకపోతే అడగడానికి ఆ సమయంలో మీరు ఉండరు, సాంకేతిక సహాయ విభాగమూ ఉండదు. మీరు మెయిల్ చూస్తూ ఉండే పనిదినపు సాయంత్రానికి మార్చండి. దాని మీద అందరికీ, కారణం అడగకుండా, మూడు రోజుల అదనపు గడువు ఇవ్వండి. పన్నెండు అసైన్‌మెంట్లలో తక్కువ మార్కులు వచ్చిన రెండింటిని లెక్కలోంచి తీసేయండి.

ఇక డ్యాష్‌బోర్డు. అది లెక్కపెట్టేది నొక్కులను. పేజీ తెరిచి పెట్టి నిద్రపోయినవారు దానికి పచ్చగా కనిపిస్తారు, దించుకుని చదివేవారు ఎర్రగా కనిపిస్తారు. గుర్తులను ఆపలేకపోతే కనీసం వాటితో వెళ్లే మెయిల్‌నైనా మీ మాటల్లో తిరిగి రాయండి. నేను ఒక కోర్సుకు రాసిన మెయిల్ ఇది: "ఈ మధ్య పేజీలో మీ జాడ కనిపించలేదు. పాఠాలు దించుకుని చదువుతూ ఉంటే ఈ ఉత్తరాన్ని పట్టించుకోనక్కరలేదు. ఎక్కడైనా ఆగిపోయి ఉంటే ఆ వారం సంఖ్య ఒక్కటి రాసి పంపండి, కారణం చెప్పనవసరం లేదు. తిరిగి ఎక్కడ మొదలుపెట్టాలో నేను చెబుతాను." ఒక్క అంకె రాసి పంపడానికి పెద్ద ధైర్యం అక్కరలేదు, అందువల్లే దీనికి జవాబులు వస్తాయి.


తెర వినేవాడు

మేడమ్, నమస్కారం. నేను పూర్తిగా చూపు లేని పీజీ విద్యార్థిని. తెర మీది అక్షరాలను గొంతుతో వినిపించే స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాముతో చదువుతాను. డిగ్రీలో సంఖ్యాశాస్త్రాన్ని ఆన్‌లైన్‌లోనే చదివాను కాబట్టి, మీ వైపు నుంచి కనిపించని కొన్ని సంగతులు చెబుతాను.

క్విజ్ సమయం గురించి పైన చెప్పారు. దానికి తోడు ఆ గడియారం సంగతి కూడా చూడాలి. నేను రాసిన ఒక క్విజ్‌లో మిగిలిన సమయం తెర మూలన ప్రతి సెకనూ మారుతూ ఉండేది. కళ్లతో చూసేవారికి అది మూలనే పడి ఉంటుంది. నా స్క్రీన్ రీడర్ మాత్రం ప్రశ్నను సగంలో ఆపి "పందొమ్మిది నిమిషాల నలభై రెండు సెకన్లు" అనేది, మళ్లీ ప్రశ్న ఎత్తుకునేలోపు "నలభై ఒక్క సెకన్లు" అనేది. నాకు అధికారికంగా ఒకటిన్నర రెట్లు సమయం మంజూరైంది; అంటే ఆ గడియారాన్ని మరో పది నిమిషాలు వినే అవకాశం దక్కిందన్నమాట! ఆ మంజూరు కూడా వైద్య పత్రం సమర్పించి, ప్రతి విడతలోనూ ప్రతి అధ్యాపకుడికీ విడివిడిగా మెయిల్ పెట్టి తెచ్చుకోవలసినదే. అది చేతికి వచ్చేసరికి మొదటి క్విజ్ అయిపోయేది. మీరు అందరికీ గంట ఇచ్చినా, ఇలాంటి మంజూరు ఉన్నవారికి ఆ గంట మీద కూడా వారి నిష్పత్తిని కలపడం మరవకండి.

రెండవది, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. పుస్తకంలోని 30 పేజీలను ఫోటోలు తీసి ఒక ఫైలుగా చేసి పెడితే, అందులో నా స్క్రీన్ రీడర్‌కు ఒక్క అక్షరం కూడా ఉండదు. ఖాళీ పత్రం అని చెప్పి ఊరుకుంటుంది. యూనికోడ్ కాని పాత ఫాంట్లతో టైపు చేసినదైతే అక్షరాలు ఉంటాయి కానీ అర్థం లేని గోలగా వినిపిస్తుంది. వర్డ్‌లో టైపు చేసి, శీర్షికలకు అక్షరాలు లావు చేసి వదలకుండా అసలైన హెడింగ్ శైలిని పెడితే చాలు, నేను ఒక మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు దూకగలను. దానివల్ల మీకు పెరిగే పని చాలా తక్కువ. సూత్రాలను బొమ్మలుగా అతికించకుండా సమీకరణాల సాధనంలో రాస్తే అవి కూడా వినిపిస్తాయి.

మూడవదానికి తేలిక జవాబు లేదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. బొమ్మలకు వర్ణన రాయమని అందరూ చెబుతారు. హిస్టోగ్రామ్ (విలువలను తరగతులుగా విడదీసి, ఒక్కో తరగతిలో ఎన్ని ఉన్నాయో పట్టీల ఎత్తుతో చూపే బొమ్మ) చూపించి "ఈ విభజన ఏ వైపుకు వంగి ఉంది?" అని అడిగే ప్రశ్నలో "కుడివైపుకు తోక సాగిన హిస్టోగ్రామ్" అని వర్ణన రాస్తే జవాబు అక్కడే ఉంది. "హిస్టోగ్రామ్" అని మాత్రం రాస్తే నాకు ప్రశ్నే లేదు. మా అధ్యాపకులలో ఒకరు దీనికి ఒక దారి కనిపెట్టారు. బొమ్మ కింద ఆ తరగతుల పౌనఃపున్య పట్టికను, అంటే ఏ తరగతిలో ఎన్ని ఉన్నాయో చెప్పే పట్టికను పెట్టి, అందరినీ ఆ రెండింటిలో దేన్నైనా చూసి జవాబు రాయమన్నారు. నేను పట్టికలోని అంకెలను ఒక్కొక్కటిగా వింటూ, మొదట పెరిగి తర్వాత మెల్లగా తగ్గుతూ పోతున్నాయని గ్రహించి జవాబు రాశాను. ఆ పనిలో ఆలోచన మిగిలే ఉంది, మార్గం మాత్రమే మారింది. చూపు ఉన్న స్నేహితులలో కూడా కొందరు పట్టికే తేలికగా ఉందన్నారు.

నా స్నేహితురాలికి వినికిడి లేదు. ఆమె తరఫున ఒక మాట: ఆటోమేటిక్ క్యాప్షన్లను ఒకసారి చదివి దిద్దకుండా వదలకండి. "స్వతంత్ర చలరాశులు కావు" అన్న వాక్యంలో ఆ ఒక్క "కావు" ఎగిరిపోతే నిర్వచనం తలకిందులవుతుంది. క్యాప్షన్లు లేవనీ, ఉన్నవి తప్పులతడకలనీ అమెరికాలో బధిరుల జాతీయ సంఘం హార్వర్డ్, ఎంఐటీల మీద 2015లో దావా వేసింది. హార్వర్డ్‌తో 2019లో, ఎంఐటీతో 2020లో రాజీ కుదిరింది. అంతంత పెద్ద సంస్థలకే అన్నేళ్లు పట్టింది కాబట్టి మీరు ఒక్క విడతలో అన్నీ దిద్దలేదని ఎవరూ అనరు. వారానికి ఒక వీడియో చొప్పున దిద్దుకుంటూ పోయినా మాకు తేడా తెలుస్తుంది.


పాతకాలపు గణితం మాస్టారు

అందరికీ మూడు రోజుల అదనపు గడువు అన్న సలహాతో నేను ఏకీభవించలేను. నేను అది చేసి చూశాను. మూడో వారానికల్లా ఆ అదనపు గడువే అసలు గడువుగా మారింది. ఆరో వారంలో చివరి సాయంత్రం నాకు 90 పత్రాలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. జవాబులు విడుదల చేయడం ఆలస్యమైంది, వాటి మీద ఆధారపడిన తర్వాతి పాఠమూ వెనకబడింది. చివరికి ఎక్కువ నష్టపోయింది ఎవరో తెలుసా? ఎవరి కోసమైతే ఆ వెసులుబాటు పెట్టానో వారే. ఉద్యోగమూ చదువూ రెండూ మోసే విద్యార్థికి వారం వారం వచ్చే గడువు ఒక చేతికర్ర వంటిది. దాన్ని దయతో లాగేసినా పడిపోవడం తప్పదు. పైగా ఈ మానవీయత అన్నది బోధించేవారికి కూడా వర్తించాలి కదా, ఆ మాట ఇటువంటి చర్చల్లో ఎవరూ ఎత్తరు.

తర్వాత నేను కుదుర్చుకున్న పద్ధతి చెబుతాను. గడువు గట్టిగానే ఉంటుంది. విడత మొదట్లో ప్రతి విద్యార్థికీ నాలుగు చీటీలు ఇస్తాను. ఒక్కో చీటీకి 48 గంటలు. అసైన్‌మెంట్ పేజీలోనే ఒక గడిలో టిక్కు పెడితే చీటీ ఖర్చవుతుంది. కారణం రాసే చోటే ఉండదు. చీటీలకు లెక్క ఉంది కాబట్టి విద్యార్థులు వాటిని పొదుపుగా వాడతారు. ఏ వారమూ పత్రాలన్నీ ఒకే రోజున పోగుపడవు. అసైన్‌మెంట్లను కూడా చిన్నవి చేశాను. మూడు గంటలు ఒకేసారి కూర్చుని చేయవలసిన పని కంటే నలభై నిమిషాల ముక్కలు నాలుగు ఉంటే, రాత్రి షిఫ్టు చేసేవాడు ఎక్కడో ఒకచోట ఒక ముక్కనైనా పూర్తిచేస్తాడు.

కెమెరా విషయంలో నేను ఓడిపోయానని ఒప్పుకుంటాను. నల్లటి గళ్లతో మాట్లాడటం నాకు నరకంగా ఉండేది కాబట్టి పట్టుబట్టాను, అంతకు మించిన కారణం లేదు. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జెరెమీ బైలెన్సన్ 2021లో వీడియో సమావేశాల అలసటకు నాలుగు కారణాలు ప్రతిపాదించారు: ఎడతెగని దగ్గరి చూపులు, హావభావాలను పంపడానికీ చదవడానికీ పడే అదనపు శ్రమ, తన ముఖాన్ని తానే గంటల తరబడి చూసుకోవడం, కెమెరా ముందు కదలకుండా కూర్చోవలసి రావడం. అది చదివాక నా మీద నేనే ప్రయోగం చేసుకున్నాను. నా ముఖం నాకు కనిపించే గడిని మూసేసి బోధించాను, సాయంత్రానికి తలనొప్పి తగ్గింది. నా ముఖం నాకే అంత భారమైతే, నలుగురు పడుకునే గదిలో ఒక మూలన కూర్చున్న పిల్లకు ఆ కెమెరా ఎంత భారమో మరి. ఇప్పుడు పది నిమిషాలకు ఒకసారి ఒక ప్రశ్న వేసి, జవాబును చాట్‌లో అందరూ టైపు చేసి పెట్టుకుని, నేను చెప్పినప్పుడే ఒక్కసారిగా పంపమంటాను. ఎవరు ఎక్కడ ఉన్నారో ముఖాల కంటే ఆ జవాబులే బాగా చెబుతాయి.

పరీక్షలకు కెమెరాతో కాపలా కాసే సాఫ్ట్‌వేర్ గురించి ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. ముఖాలను చదివే ప్రోగ్రాములు అందరి ముఖాలనూ ఒకేలా చదవవు. జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రు అనే పరిశోధకులు 2018లో మూడు కంపెనీల ముఖ విశ్లేషణ ప్రోగ్రాములను పరీక్షించినప్పుడు, ఆడా మగా గుర్తించడంలో నల్లని చర్మం ఉన్న స్త్రీల విషయంలో తప్పులు 34.7 శాతం దాకా వెళ్లాయి. తెల్లని చర్మం ఉన్న పురుషుల విషయంలో ఒక శాతం కూడా దాటలేదు. అది పరీక్షల కాపలా మీద చేసిన పరిశోధన కాకపోయినా, కెమెరా చూపును నమ్మి ఒక విద్యార్థిని దొంగ అనే ముందు గుర్తుంచుకోవలసినదే. కాపీకి విరుగుడుగా మౌఖిక పరీక్ష బాగానే ఉంటుంది, కానీ మనిషికి పది నిమిషాలైనా 140 మందికి 23 గంటలు దాటుతుంది. నేను ఒక్కో విద్యార్థికి ఒక్కో దత్తాంశ పట్టిక ఇచ్చి, ఫలితానికి రెండు వాక్యాల వివరణ రాయమంటాను.


ఫోన్‌లో చదివేవాడు

చిన్న మాట. లైవ్ క్లాసు రికార్డింగును గంట ఫైలుగా పెడితే మాలాంటివారు దించుకోలేరు. ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏముందో ఒక వాక్యం రాసి, దాని పక్కనే ఆడియో, టైపు చేసిన పాఠం పెట్టండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఆరు నిమిషాలు దాటిన వీడియోల దగ్గర విద్యార్థులు నిలవడం లేదని తేలింది. నెట్ బాగా ఉన్నవారి సంగతే అలా ఉంటే మా సంగతి చెప్పేదేముంది.


సంఖ్యాశాస్త్ర బోధకురాలు

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే విడతకు ఇలా అనుకుంటున్నాను. గడువు మంగళవారం సాయంత్రం ఎనిమిది గంటలకు మారుతుంది. చీటీ వాడినవారికి గురువారం ఎనిమిది వరకు. జవాబులు శుక్రవారం ఉదయం. మాస్టారి నాలుగు చీటీలను తీసుకుంటున్నాను, పాఠ్య రూపకర్త గారు చెప్పినట్టు రెండు అసైన్‌మెంట్లను లెక్కలోంచి తీసేస్తున్నాను. మూడు రోజుల సార్వత్రిక గడువును మాత్రం వదిలేస్తున్నాను, 90 పత్రాలు ఒక్క రాత్రి వస్తే దిద్దగల శక్తి నాకు లేదు. కెమెరా మార్కులు రద్దు. ఆ 10 మార్కులు చాట్ జవాబులకు, లైవ్‌కు రాలేనివారైతే రికార్డింగు కింద అవే ప్రశ్నలకు రాసే జవాబులకు వెళతాయి. హెచ్చరిక మెయిల్‌ను ఈ రోజే మార్చాను. వీడియోలన్నిటినీ కోసే తీరిక లేదు కనుక మొదటి నాలుగు వారాలవి మాత్రం కోస్తాను, జనం జారిపోయేది ఆ వారాల్లోనే.

గ్రూపు ప్రాజెక్టు సంగతి ఇంకా తేలలేదు. ఒకరు చీటీ వాడుకుంటే మిగతా ముగ్గురూ ఆగవలసి వస్తుంది. దాన్ని ఈ విడతకు ఒంటరి పనిగా మార్చుకునే వీలు అందరికీ ఇచ్చి చూస్తాను.

తెర వినేవాడు గారూ, నిన్న రాత్రి రెండవ క్విజ్‌లోని ఐదు హిస్టోగ్రాముల కింద పట్టికలు పెట్టాను. గడియారాన్ని మూసే బటన్ మా సిస్టమ్‌లో ఉన్నట్టు ఇన్నాళ్లూ నాకే తెలియదు, అదీ ఆన్ చేశాను. పట్టికల్లో ఇంకేమైనా చూసుకోవాలా?


తెర వినేవాడు

రెండు సంగతులు, మేడమ్. పట్టికలో మొదటి అడ్డువరుసను శీర్షిక వరుస అని గుర్తించండి. లేకపోతే నాకు "పన్నెండు" అని మాత్రమే వినిపిస్తుంది, ఏ తరగతికి పన్నెండో గుర్తుపెట్టుకోవడానికి వెనక్కి వెళ్లవలసి వస్తుంది. ఖాళీ గడులను ఖాళీగా వదలకుండా సున్నా వేయండి. ఖాళీ గడి దగ్గర స్క్రీన్ రీడర్ మౌనంగా ఉంటే, అక్కడ ఎవరూ లేరా, నా కంప్యూటరే ఆగిపోయిందా అన్నది నాకు తెలియదు.